చెయ్యి పెట్టకుండా చేసిన ధూపం

"చేపల వాసనకైతే నిమ్మగడ్డి సబ్బు. రెండు తీసుకోండి, మీకు ఒకటి చాలదు."

ఈశ్వర్ ఇంకా నోరు తెరవనే లేదు. ఆటో ఆపి, గేటు తీసి, మెట్టు మీద ఒక కాలు పెట్టాడు, అంతే. అరుగు మీద కూర్చుని సబ్బులకు కాగితాలు చుడుతున్న అమ్మాయి తలైనా ఎత్తకుండా మాట అనేసింది.

"నాను సబ్బుకి రాలేదండి."

"రాకపోయినా తీసుకోండి. మీ ఆటో వెనకాల వచ్చేవాళ్ళు దీవిస్తారు."

మామూలుగా అయితే ఈశ్వర్ అక్కడే వెనక్కి తిరిగేవాడు. రోషం ఉన్న మనిషి. తెల్లవారకముందే ఇసకరేవు నుంచి చేపలు వేసుకుని పలాస మార్కెట్‌కి వచ్చి, అవి అమ్ముడయ్యాక బోరింగు దగ్గర ఒళ్ళంతా రుద్దుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు. అయినా ఆ ముక్కుకి దొరికిపోయాడు. కానీ వెళ్ళిపోతే ఇంట్లో మామ్మకి ఏం చెప్పాలి?

"సున్నిపిండీ, తలనూనే, ధూపం బిళ్ళలూ ఎలగ సేత్తారో నేర్పుతారేటని వచ్చినాను," అన్నాడు మింగలేక కక్కలేక.

అప్పుడు తలెత్తింది. ఎత్తకుండా ఉంటే బాగుండేదని ఈశ్వర్ అనుకున్నాడు, ఎందుకంటే ఆ తర్వాత చెప్పాల్సిన నాలుగు ముక్కలూ మరిచిపోయాడు.

ఆ అమ్మాయి పేరు ఇవాంజెలిన్. స్టేషన్ వెనక వీధిలో అందరికీ ఇవా. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వచ్చేలోపు కాలక్షేపానికని సబ్బులు మొదలుపెట్టింది. ఇప్పుడు ఉద్యోగం వస్తే సబ్బులు ఏమైపోతాయోనని భయపడుతోంది. మందార నూనె, వేపాకు సబ్బు, పసిపిల్లల సున్నిపిండి, అన్నీ ఇంట్లోనే తయారుచేస్తుంది. ఫోన్లో ఫోటో పెడితే సాయంత్రానికి సరుకు అయిపోతుంది.

"నేర్చుకోవడం ఎందుకు? చేసిందే ఇస్తాను, తీసుకెళ్ళండి."

"కొన్నది సెల్లదండి."

ఇక చెప్పక తప్పలేదు. ఉద్దానం తీరాన ఇసకరేవులో ఉగాది వెళ్ళిన వారంలో గంగమ్మ తల్లి సంబరం. ఆ రోజు పొద్దున అమ్మవారిని సముద్రపు ఒడ్డుకు మోసుకెళ్ళి స్నానం చేయిస్తారు. ఆ స్నానానికి కావలసిన నూనె, నలుగుపెట్టే సున్నిపిండి, ధూపం ఒక్క ఇంటి నుంచే రావాలి. ఏటా ఒక ఇంటి వంతు. ఊరు పెద్దది, వంతు తిరిగి వచ్చేసరికి ఒక తరం గడిచిపోతుంది. ఈసారి ఈశ్వర్ వాళ్ళది. వాళ్ళ మామ్మ చిన్నమ్మి కొత్తకోడలిగా వచ్చిన ఏడాది అత్తగారు చేస్తుంటే పక్కన నిలబడి చూసింది. తనూ తన చేత్తో చేసే రోజు కోసం అప్పటి నుంచీ ఎదురుచూస్తోంది. తీరా వంతు వచ్చాక, చేపలు ఎండబెట్టే పందిరి దగ్గర జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది.

"ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"అమ్మ లేదండి. నాన్న గుజరాతులో బోట్ల మీదున్నాడు. నానే ఉన్నాను. మామ్మకి వాసన గుర్తుంది గానీ పాళ్ళు గుర్తు నేవు. మా ఇంటోళ్ళ సెయ్యే పడాల. లేకపోతే వంతు పక్కింటికి పోద్ది. మా మామ్మకి ఇంకో వంతు సూసే వయసు లేదు."

ఇవా వేళాకోళం ఆపేసింది. కానీ వెంటనే ఒప్పుకోలేదు. లోపలి వైపు చూసింది. ఆ చూపుకు తగ్గట్టే జాకబ్ బయటికి వచ్చాడు. ఇవా తండ్రి. జీవితమంతా జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పప్పు ఏరించిన మనిషి, బాప్టిస్టు సంఘంలో పెద్ద. కిటికీ దగ్గర నిలబడి మొత్తం విన్నాడు.

"నా ఇంట్లో అమ్మోరికి ధూపం ఏటి బాబూ? రేపు సంఘంలో నేనేటి చెప్పుకోవాలి?"

"మీ అమ్మాయి గారు సెయ్యి పెట్టకూడదండి. పెడితే మాకూ సెల్లదు."

జాకబ్ గడ్డం గోక్కున్నాడు. ఇద్దరు దేవుళ్ళ రూల్సూ ఒకేచోట కలుస్తాయని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

"అయితే సరే. ఇవా, నోటితో చెప్పు, చేత్తో ముట్టుకోకు. నేనిక్కడే కుర్చీ వేసుక్కూచుంటాను."

మర్నాటి నుంచి మార్కెట్ అయ్యాక మధ్యాహ్నాలు ఈశ్వర్ ఆ పెరట్లో తేలాడు. కుర్చీలో జాకబ్, ఆయన చేతిలో పేపరు. మెట్టు మీద ఇవా, రెండు చేతులూ చున్నీలో ముడుచుకుని. పొయ్యి ముందు ఈశ్వర్, చెమటలు కక్కుతూ.

"పెసలు దోరగా వేగాలి. దోరగా అంటే బొగ్గులా కాదు."

"సెప్పేటప్పుడే సెప్పాల గదండి."

"వాసన వస్తోంది కదా, తెలియదా?"

"నా ముక్కు సేపల ముక్కని మీరే అన్నారు."

పేపరు వెనక జాకబ్ దగ్గాడు. అది దగ్గో నవ్వో ఎవరికీ తెలియలేదు.

చేతులు కట్టుకుని కూర్చోవడం ఇవాకి ప్రాణాంతకం అయిపోయింది. అతను కస్తూరి పసుపు దంచుతుంటే రోలు పక్కకు జారుతోంది. వట్టివేళ్ళు కత్తిరించమంటే తాడు కోసినట్టు కోస్తున్నాడు. జల్లెడ పడితే పిండి సగం చొక్కా మీదే ఉంటోంది. "ఇలా ఇవ్వు," అని లేచి, తండ్రి కళ్ళజోడు కనిపించి మళ్ళీ కూర్చునేది. ఆ లేవడం కూర్చోవడంలోనే "మీరు" ఎప్పుడు "నువ్వు" అయిందో ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. జాకబ్ గమనించాడు.

నూనె కాచే రోజున ఈశ్వర్ ఒక గుడ్డమూట తెచ్చాడు. విప్పితే ఎండిన మొగలి రేకులు. వానాకాలంలో ఇసకదిబ్బల మీద పూసినవి, చిన్నమ్మి చీరల పెట్టెలో దాచినవి. వేడెక్కిన కొబ్బరినూనెలో వేయగానే పెరడంతా కమ్ముకుంది.

ఇవా కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

"బాగోలేదేటి?" భయంగా అడిగాడు.

"ఉండు. మాట్లాడితే వాసన పోతుంది."

ఆ నిమిషంలో ఈశ్వర్ పడిపోయాడు. అంతకుముందే పడ్డాడని మనకి తెలుసు, అతనికి అప్పుడు తెలిసింది. రోజూ ఆ గేటు తీస్తున్నప్పుడు గుండె ఎందుకు కొట్టుకుంటోందో అర్థమైంది. అర్థమయ్యాక మరీ భయమేసింది. చేపల ఆటో ఎక్కడ, సంఘ పెద్ద కూతురు ఎక్కడ. అయినా సంబరం అయిపోతే ఈ పెరట్లోకి రావడానికి ఏ వంక ఉంటుంది?

ఇక మిగిలింది ధూపం. మందస కొండల గుగ్గిలం వచ్చింది, సాంబ్రాణి వచ్చింది, జిగురు పొడి వచ్చింది. బొగ్గు కావాలి.

"జీడి తొక్క బొగ్గు తెచ్చేత్తాను," అన్నాడు ఈశ్వర్. "ఫ్యాక్టరీల కాడ గుట్టలు గుట్టలుంటాది."

"బాగా కాలిందే తేవాలి. తొక్కలో సొన మిగిలితే చేతులు పోతాయి."

"ఉద్దానంలో పుట్టినోడ్ని. జీడి గురించి నాకు సెప్తావేటి?"

"పలాసలో పుట్టినదాన్ని. చెప్పకపోతే ఎలా?"

ఒకరికి జీడితోటల పొగరు, ఇంకొకరికి జీడి ఫ్యాక్టరీల పొగరు. అతను తెచ్చిన బొగ్గును ఆమె చూసిందిలే అని అతను అనుకున్నాడు, తెలిసినవాడే తెచ్చాడులే అని ఆమె అనుకుంది. విరిచి చూసినవాళ్ళు లేరు. వేరే ఊరి వాళ్ళయితే అనుమానంతోనైనా ఒకసారి విరిచేవారు. నల్లటి పొడి, గుగ్గిలం, నీళ్ళు కలిపి ఈశ్వర్ మోచేతుల దాకా ముంచి పిసికాడు. బిళ్ళలు చేసి పళ్ళెంలో ఎండబెట్టాడు.

అంతలో వాన. చైత్రంలో వచ్చే తిక్క వాన, చెప్పకుండా వచ్చి చెప్పకుండా పోయేది. జాకబ్ కుర్చీలో నిద్రపోతున్నాడు, మీద రేకు ఉంది కాబట్టి ఆయనకేం తెలియలేదు. ఈశ్వర్ పొయ్యి పక్కనున్న పిండి గిన్నె కోసం పరుగెత్తాడు. ధూపం పళ్ళెం వానలో ఉండిపోయింది.

ఇవా ఆలోచించలేదు. ఒక్క దూకు దూకి కరిగిపోతున్న బిళ్ళలను రెండు చేతుల్లోకీ ఎత్తుకుంది. చూరు కింద ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని ముద్దయిపోయినవాటిని మళ్ళీ బిళ్ళలు చేశారు. ఆమె జుట్టు నుంచి నీళ్ళు అతని మణికట్టు మీద పడుతున్నాయి.

"నువ్వు ముట్టుకున్నావు," అన్నాడు మెల్లగా.

"వాన ముట్టుకుంది. నేను చూశానంతే."

వాన వెలిశాక, కాస్త ఆరిన బిళ్ళ ఒకటి పరీక్షకని వెలిగించారు. ముందు గుగ్గిలం వాసన వచ్చింది. తర్వాత నల్లటి పొగ లేచింది. కళ్ళు మండాయి, గొంతులు పట్టేశాయి, పక్కింటి మేకలు అరిచాయి. జాకబ్ ఉలిక్కిపడి లేచాడు.

"ఏ ఫ్యాక్టరీ అంటుకుంది?"

మర్నాటికి ఈశ్వర్ అరచేతులు పొక్కిపోయాయి. వేళ్ళ సందులు నల్లబడ్డాయి. ఇవాకి అంతగా కాదు గానీ రెండు చేతుల వేళ్ళ చివర్లూ మాడి గోధుమరంగుకు తిరిగాయి. సంబరం ఇక ఎంతో దూరం లేదు. ఈసారి కొబ్బరిచిప్పలు కాల్చి బొగ్గు చేశారు, దాన్ని ఇద్దరూ విరిచి, నలిపి, నూనె మరక పడుతుందేమోనని కాగితం మీద రుద్ది మరీ చూశారు. కానీ పిసకాలంటే ఈశ్వర్ వేళ్ళు ముడవడం లేదు. పళ్ళు బిగించి ముద్దలో చెయ్యి పెట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ రోజు ఏదో పని పడి జాకబ్ ఫ్యాక్టరీకి వెళ్ళాడు. కుర్చీ ఖాళీ.

ఇవా గిన్నె తన ముందుకు లాక్కుంది. ధూపం ముద్ద ఆమే కలిపింది. సున్నిపిండి ఆమే జల్లించింది. నూనె ఆమే వడగట్టింది. ఈశ్వర్ పక్కన కూర్చుని చూశాడు, ఈసారి చేతులు ముడుచుకోవడం అతని వంతు.

"ఎవరికీ చెప్పకు," అంది చివర్లో. "మీ మామ్మకి అసలే చెప్పకు. ఆవిడ వంతు ఆవిడకి దక్కాలి."

"మరి మీ నాన్నకి?"

"అది నేను చూసుకుంటాను."

రాత్రి భోజనం దగ్గర జాకబ్ అడిగాడు. ముట్టుకోలేదు నాన్నా, అంది ఇవా. తండ్రితో అబద్ధం ఆడటం ఆమెకు అలవాటు లేదు, సగం అన్నంలోనే లేచిపోయింది.

ఇసకరేవులో చిన్నమ్మి ఎడమచేత్తో సున్నిపిండి చిటికెడు తీసుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"మా అత్త సేసినట్టే ఉన్నాది రా, ఈసూ," అని కళ్ళు తుడుచుకుంది. "నోటితో సెప్తేనే ఇలగ వచ్చినాదంటే, ఆ పిల్లగుంట ఎలాంటిదో సూడాల. సంబరానికి రమ్మని ఫోన్ సెయ్యి."

ఈశ్వర్‌కి ఆ సంతోషం చూస్తే సంతోషం కలగలేదు. ఫోన్ మాత్రం చేశాడు.

పూజలో నిలబడబోమని, దూరం నుంచి చూసి చేపలు కొనుక్కుని వచ్చేస్తామని చెప్పి జాకబ్ కూతుర్ని స్కూటర్ మీద తీసుకొచ్చాడు.

ఒడ్డంతా జనం. డప్పులు, పసుపు నీళ్ళు, వేపకొమ్మలు. అమ్మవారిని పడవ పక్కన దించారు. స్నానం మొదలయ్యే ముందు అక్కడ ఒక పద్ధతి ఉంది. సామాను చేసినవాళ్ళు ఊరందరి ముందు చేతులు చాచాలి, ఊరి ఆడవాళ్ళలో పెద్దది పసుపు పూయాలి. ఎవరి చేయి పడిందో ఊరికి తెలియడానికి. ఆ పెద్ద పైడమ్మ. ఆవిడ మాటకు ఊళ్ళో మగవాళ్ళు కూడా ఎదురు చెప్పరు.

ఈశ్వర్ చేతులు చాచాడు. పైడమ్మ పసుపు గిన్నె పట్టుకుని ఆగిపోయింది.

"ఈ మచ్చలేట్రా?"

"జీడి సొన, అత్తా."

"మన తోటల్లో ఇంకా పిక్క దిగనేదు. నీకు సొనెక్కడ తగిలినాది?"

"పలాసలో. నేర్పినోళ్ళ ఇంట్లో సేసినాను. మామ్మకి తెలుసు."

"నేర్చుకున్నావు సరే. సేసింది నువ్వొక్కడివేనా?"

అవును అంటే అయిపోయేది. చిన్నమ్మి అప్పటికే కట్టు కట్టిన చేయి ఒడిలో పెట్టుకుని, ఎడమచేత్తో చెంబు పట్టుకుని, చిన్నపిల్లలా ఎదురుచూస్తోంది. పడవల దగ్గర ఇవా చేతులు చున్నీలో దాచుకుని నిలబడి ఉంది. ఈశ్వర్ చూపు అందగానే తల అడ్డంగా ఊపింది. చెప్పకు, అని.

"కాదత్తా," అన్నాడు ఈశ్వర్. "నా సేతులు పని సెయ్యనేదు. సగం పైన ఆమె సేసినాది. మామ్మకి తెలీదు. తప్పు నాదే."

డప్పులు ఆగాయి. చిన్నమ్మి చేతిలోని చెంబు మెల్లగా ఇసకలోకి దిగింది. ముసలావిడ మొహం వాడిపోయింది. మనవడికి అది తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

జనంలోంచి ఇవా నడిచి వచ్చింది. వెనకే జాకబ్.

"తప్పు ఈయనది కాదండి," అంది పైడమ్మతో. చేతులు చాచి చూపించింది. "పొక్కిన చేతులతో కలుపుతుంటే చూస్తూ కూర్చోలేకపోయాను. నేనే లాక్కున్నాను. మామ్మగారి వంతు పోకూడదని చెప్పొద్దన్నదీ నేనే."

"మనసు మంచిదే అమ్మా," అంది పైడమ్మ. "కానీ పరాయి సెయ్యి పడితే సెల్లదు. వంతు పక్కింటికి పోద్ది."

చిన్నమ్మి ఆ పిల్ల వేళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత మనవడి వైపు తిరిగింది.

"ఒరే ఈసూ. ఈ గుంట నీకు పరాయిదేనా?"

ఈశ్వర్ చుట్టూ చూశాడు. ఎదురుగా ఊరు, పక్కన సంఘ పెద్ద, వెనక సముద్రం. పారిపోవడానికి అదొక్కటే ఖాళీగా ఉంది.

"నాకు కాదు మామ్మా. ఆమెకి నాను పరాయోడ్నో కాదో తెలీదు. అడగటానికి ధైర్యం సాల్నేదు."

"అందరి ముందా అడగడం?" ఇవా మొహం కందిపోయింది. "ఇన్నాళ్ళు పెరట్లో ఉన్నావు కదా, అప్పుడు అడగొచ్చుగా?"

"మీ నాన్న పేపరు పట్టుకుని ఎదురుగా ఉంటే ఎలగడుగుతాను?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒడ్డు పొడుగునా పాకింది. ఇవా నవ్వలేదు. తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, ముట్టుకోలేదని నీతో అబద్ధం చెప్పాను. పరాయివాడి కోసమైతే నీతో అబద్ధం చెప్పను."

జాకబ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఉప్పుగాలికి మసకేసిందని ఆ తర్వాత చెప్పుకున్నాడు గానీ, ఎవరూ నమ్మలేదు.

"పుట్టినకాడి నుంచి జీడిపిక్కల మధ్యే బతికినోణ్ణి. నీ వేళ్ళ మీద మచ్చ గుర్తుపట్టలేనేటమ్మా? నువ్వే చెప్తావని చూస్తున్నాను." పైడమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మాకు సంఘం ఉంది, మీకు ఊరుంది. పెద్దలు కూర్చుని మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది. మా అమ్మాయి ఏసుప్రభు గుడి మానదు, మీ కుర్రాణ్ణి మీ తల్లిని మానమని నేను అడగను. కానీ ఒక్క మాట ఇప్పుడే చెప్తాను. ఊరందరి ముందు ఒక్క అబద్ధంతో బయటపడే వీలుండి కూడా ఈ అబ్బాయి ఆడలేదు. నా మట్టుకి ఇతను పరాయోడు కాదు."

పైడమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఈశ్వర్‌ని చూసింది. ఇవాని చూసింది. ఆఖరికి సముద్రాన్ని చూసింది.

"ఇటోళ్ళూ పరాయి కాదంటే, అటోళ్ళూ పరాయి కాదంటే, ఇంక మద్దిలో నాకేటి పేచీ? నీరు లాగేత్తంది. ఒలే సిన్నమ్మీ, సెంబు తీ. బేగి కానీ."

డప్పులు ఒక్కసారిగా మోగాయి. పైడమ్మ ఈశ్వర్ చేతులకు పసుపు పూసింది, పొక్కుల మీద పడి మండితే అతను నవ్వుతూనే గెంతాడు. చిన్నమ్మి ఎడమచేత్తో తల్లికి నూనె రాసింది, నలుగుపెట్టింది, మొదటి చెంబు నీళ్ళు పోసింది. ధూపం పొగ తెల్లగా, పల్చగా లేచి ఒడ్డంతా తిరిగింది. మొగలి వాసనకి చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపారు. జాకబ్ దూరంగా పడవకు ఆనుకుని నిలబడ్డాడు. దండం పెట్టలేదు, మొహం తిప్పుకోనూ లేదు.

అంతా అయ్యాక చిన్నమ్మి ఇవాని పిలిచి ఇసకలో పక్కన కూర్చోబెట్టుకుంది. కొంగు ముడి విప్పి చిన్న సీసా తీసింది.

"పసుపు నీకొద్దులే, మీ నాన్న మనసు నొచ్చుకుంటాది. ఇది ఒట్టి కొబ్బరినూనె. జీడి పొక్కులకి మంచిది. సేతులిటు పెట్టు."

జాకబ్ దగ్గరికి వచ్చాడు. "ఆదివారం గుడి అయ్యాక మా ఇంటికి భోజనానికి రండమ్మా. మనవణ్ణి కూడా తీసుకురండి."

"వత్తాం బాబూ. సేపలు మేం తెత్తాం, మీరు కొనకండి."

ఆవిడ ఎడమచేత్తో ఒక్కొక్క వేలికీ నూనె రాస్తోంది. అలవాటు లేని చేయి కదా, మెల్లగా, తడబడుతూ. ఇవా కళ్ళ నుంచి నీళ్ళు జారాయి. పక్కనే పసుపు చేతులతో నిలబడ్డ ఈశ్వర్‌కి ఏం చేయాలో తెలియలేదు.

"మండుతన్నాదేటే?" అడిగింది చిన్నమ్మి.

"లేదు మామ్మా."

మామ్మగారు అనలేదు. మామ్మా అంది. చిన్నమ్మి చేయి ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ మొదటి వేలి నుంచి రాయడం మొదలుపెట్టింది.